సల్కాటా తాబేలు పిల్లకి గడ్డి విత్తనాలు: రంగు పూసినవి వేయొచ్చా?

ఇసుకదిబ్బ

మా సల్కాటా అరచేతి సైజు దాటింది. ఇన్నాళ్లూ ఎండుగడ్డి సన్నగా తరిగి, ఆకులతో కలిపి పెడుతున్నాం. ఇప్పుడు దాని ఆవరణలోనే పచ్చిగడ్డి పెంచి, అదే తిరుగుతూ మేసేలా చేయాలని ఉంది. లాన్ మిక్స్ అని ఒక సంచి తెచ్చాను. విప్పి చూస్తే గింజలన్నీ నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉన్నాయి. వేళ్లతో నలిపితే పొడి అంటుకుంటోంది. సంచి మీద "త్వరగా మొలుస్తుంది, తొక్కినా తట్టుకుంటుంది" అని ఉంది తప్ప లోపల ఏ గడ్డి ఉందో సరిగ్గా రాయలేదు. ఇది వేయొచ్చా? వద్దంటే ఏది కొనాలి? ఎక్కడ చూసినా ఒకరు మంచిదన్న గడ్డిని ఇంకొకరు విషం అంటున్నారు.

గరికపోచ

ఆ సంచి పక్కన పెట్టేయండి. గింజకి రంగు ఉందంటే విత్తనశుద్ధి చేశారని, అంటే బూజు మందో పురుగుమందో పట్టించారని లెక్క. తినే గింజలతో కలిసిపోకుండా తెలియాలనే ఆ రంగు వేస్తారు. గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఏదైనా సరే. సంచి వెనక చిన్న అక్షరాల్లో "ఆహారానికి, పశువుల మేతకి వాడరాదు" అని ఉంటుంది, ఒకసారి చూడండి.

ఇసుకదిబ్బ

చూశాను. అచ్చం అలాగే ఉంది, కుట్టు దగ్గర మడతలో.

నెమ్మదినడక

నీళ్లలో బాగా కడిగి వేస్తే కుదరదా? పైపొడి పోతుంది కదా.

సరీసృప_వైద్యం

కడిగితే పై రంగు కొంత పోతుంది, మందు పోదు. వాడే మందుల్లో రెండు రకాలు. థైరామ్ లాంటివి గింజ పైనే ఉండి పనిచేస్తాయి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, మెటలాక్సిల్ లాంటివి వేరు నుంచి మొక్కలోకి ఎక్కి ఆకుల దాకా వెళ్తాయి. వాటిలో మొదటి రెండూ తయారైందే అందుకు, ఆకు కొరికిన పురుగు చావాలని. ఆ లేత ఆకునే మీరు తాబేలుకి పెట్టబోతున్నారు. పైగా కడిగిన నీళ్లు ఎక్కడో పారబోయాలి, అది ఇంకో తలనొప్పి.

ఇంకో మాట. తాబేలు తిరిగే చోట ఈ గింజలు చల్లితే అది మొలిచేదాకా ఆగదు. నేల మీద రంగురంగులుగా కనిపించిందంటే ముక్కు పెట్టి తీరుతుంది.

పచ్చికబయలు

నేను కొంచెం వేరుగా చెప్తాను. నాది లాన్‌ల పని. మందు పట్టించిన విత్తనమైనా మొలిచి, రెండు మూడు కోతలయ్యాక ఆకులో మిగిలేది చాలా తక్కువ. కోసినదంతా పారేసి, ఆ తర్వాత వచ్చే గడ్డి మేపితే అంత భయపడక్కర్లేదు. ఊరికే టెన్షన్ పెట్టకండి.

సరీసృప_వైద్యం

పచ్చికబయలు గారూ, పెద్ద మైదానంలో అది నిజం కావచ్చు. ఇక్కడ అడిగింది అరచేతి సైజు పిల్ల గురించి, అది రోజూ ఆ చిన్న జాగాలోనే మేస్తుంది. మందు లేని విత్తనం దొరుకుతున్నప్పుడు మందున్నది వేసి, ఎన్ని కోతలకి సేఫ్ అవుతుందని లెక్కపెట్టుకోవడం దేనికి?

పచ్చికబయలు

అది ఒప్పుకుంటాను. మందు లేనిది దొరికితే అదే కొనండి.

గరికపోచ

ఇసుకదిబ్బ గారి రెండో ప్రశ్నకి వస్తా, ఏం కొనాలి అని. మంచి గడ్డి ఏది అని అడిగితే పది పేర్లు చెప్పొచ్చు. ఆ విత్తనం ఎవరి కోసం తయారైంది అనేది ముందు చూసుకోవాలి. లాన్ కోసం తయారైన విత్తనం అందంగా, పురుగు పట్టకుండా, తొక్కినా చావకుండా ఉండేలా ఎంచిన రకం. మేత కోసం తయారైన విత్తనం తినే జంతువుకి పడేలా ఎంచిన రకం. ఒకే పేరు గల గడ్డిలోనే ఈ రెండూ ఉంటాయి. కాబట్టి పశువుల మేతకి, ఎండుగడ్డికి వేసే రకాలు అడగండి.

సల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేలు ఇవి గడ్డి మేసే జాతులు. వీటికి నేను మొదట చెప్పేది గరిక. బెర్ముడా పేరుతో విత్తనం అమ్ముతారు. ఒకసారి నాటుకుంటే మేసినా, తొక్కినా, పీకినా మళ్లీ వస్తుంది. కింద వేరుతీగలు, పైన పాకుడు తీగలు రెండూ ఉంటాయి దానికి. కాకపోతే వెచ్చదనం కావాలి. నేల 20 డిగ్రీలు దాటితే గానీ గింజ కదలదు, 25 నుంచి 30 మధ్య అయితే హాయిగా మొలుస్తుంది. పొట్టు తీసిన గింజ తొందరగా, పొట్టున్నది ఆలస్యంగా. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. బెర్ముడాలోనే సున్నంలాంటి తెల్లటి పూత వేసి గింజ లావుగా కనిపించేలా అమ్మేది కూడా ఉంది. అందులో చాలావాటికి బూజు మందు కూడా కలుస్తుంది. పూత లేనిదే అడగండి.

చలి ప్రాంతాల వాళ్లకి గరిక కుదరదు. వాళ్లకి తిమోతి, ఆర్చర్డ్ గ్రాస్, మెడో గ్రాస్ బాగుంటాయి. తిమోతి వారం పది రోజుల్లో, ఆర్చర్డ్ రెండు వారాల లోపు మొలుస్తాయి. మెడో గ్రాస్ మాత్రం నెల దాకా తీసుకున్నా కంగారు పడొద్దు.

విడిగా ఒక్కో గడ్డి పేరుతో ఉన్న సంచి కొని మీరే కలుపుకోండి. "మిక్స్" అని మాత్రమే రాసి ఉంటే అందులో ఏముందో మీకు తెలిసే దారి లేదు.

డిప్పమ్మ_ఇల్లు

ఇదంతా ఎక్కడైనా పైన పిన్ చేసి పెట్టండి ఎవరైనా. నెలకోసారి ఇదే ప్రశ్న వస్తుంది.

ఎండపొడ

గరికపోచ గారు రై గ్రాస్, ఫెస్క్యూ పేర్లు ఎత్తకుండా వదిలేశారు, కావాలనే అనుకుంటా. లాన్ మిక్స్‌లలో ఎక్కువగా ఉండేవి అవే కాబట్టి నేను చెప్తా.

టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రై గ్రాస్, ఈ రెండింటి లోపల ఒక శిలీంధ్రం కాపురం ఉంటుంది, ఎండోఫైట్ అంటారు. బయటికి మచ్చ కూడా కనిపించదు. మొక్క నుంచి పక్క మొక్కకి అంటదు, గింజ ద్వారానే తర్వాతి తరానికి పోతుంది. అది తయారు చేసే రసాయనాల వల్ల పురుగులు గడ్డి జోలికి రావు. అందుకే లాన్ రకాల్లో దీన్ని ఏరి కోరి ఉంచుతారు. అదే గడ్డి పశువులు మేస్తే కథ వేరు. కెంటకీ 31 అనే ఫెస్క్యూ రకం 1943లో విడుదలై అమెరికా అంతా పాకింది. దాన్ని మేసిన ఆవులకి గిట్టలు, తోక కొసలు కుళ్లడం, చూడి గుర్రాలకి పాలు పడకపోవడం లాంటివి వచ్చాయి. కారణం ఈ శిలీంధ్రమే అని 1970లలో గానీ తేలలేదు. రై గ్రాస్‌లో ఈ శిలీంధ్రం తయారు చేసే లోలిట్రెమ్ బి అనే విషం వల్ల గొర్రెలు, ఆవులు వణుకుతూ తూలిపోతాయి.

కాబట్టి రై గ్రాస్ కావాలంటే "ఎండోఫైట్ లేని మేత రకం" అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. సంచి మీద ఆ మాట లేకపోతే వదిలేయండి.

పచ్చికబయలు

ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఆవులకి, గొర్రెలకి వచ్చింది తాబేలుకి అంటగడుతున్నారు. ఎంతోమంది పెరట్లో మామూలు రై గ్రాస్ మీదే తాబేళ్లు పెంచుతున్నారు, అవి నిక్షేపంగా ఉన్నాయి.

ఎండపొడ

పెరడంతా తిరిగే తాబేలు రై గ్రాస్ ఒక్కటే తినదు అన్నా. నాలుగు రకాల కలుపు మొక్కలు, పూలు, రాలిన ఆకులు కూడా తింటుంది. ఒక ట్రేలో ఒకే గడ్డి వేసి రోజూ అదే పెట్టే వాళ్ల సంగతి వేరు.

సరీసృప_వైద్యం

ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది. దీనికి ఇంకో విషయం కలపాలి. లోలిట్రెమ్ బి గడ్డి అంతటా ఒకేలా ఉండదు. మొదలు దగ్గర, ఆకు తొడుగుల్లో, కంకుల్లో ఎక్కువ. పై ఆకుల్లో తక్కువ. అందుకే మేత బాగా నేలకి దిగిపోయినప్పుడు గొర్రెలకి జబ్బు ఎక్కువ కనిపిస్తుంది. తాబేలు ఎక్కడ మేస్తుందో మీ అందరికీ తెలుసు కదా, దాని నోరు ఉండేదే మొదలు దగ్గర.

పెరట్లో ముందే ఉన్న రై గ్రాస్ పీకేయమని నేను చెప్పను. కొత్తగా డబ్బు పెట్టి కొనేవాళ్లు మాత్రం ఆ రిస్క్ కొనుక్కోనక్కర్లేదు.

పచ్చికబయలు

ఈ మొదలు సంగతి నేను ఆలోచించలేదు. సరే, మేత రకమే కొనమని నేనూ అంటాను. రెడ్ ఫెస్క్యూ మాటేమిటి మరి? అందరూ మంచిదంటారు.

ఎండపొడ

దానిలో కూడా లాన్ రకాలకి ఎండోఫైట్ ఉండొచ్చు. అదే నియమం: మేత రకమైతే ఓకే.

కొత్తమొలక

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాబేలు హార్స్‌ఫీల్డ్ జాతి. పైన చెప్పిన తిమోతి విత్తనాలు తెచ్చి ట్రేలో పెంచాం. పచ్చగా, ఒత్తుగా వచ్చింది. అది మాత్రం దాని మీద పడుకుంటోంది తప్ప తినడం లేదు.

ముగ్గురుతాబేళ్లు

పరుపు బాగా కుదిరినట్టుంది దానికి 😀

ఆకులక్క

కొత్తమొలక, దానిలో తప్పేం లేదమ్మా. హార్స్‌ఫీల్డ్ గడ్డి మేసే జాతి కాదు. ఉజ్బెకిస్తాన్‌లో అడవిలో వీటిని గమనించిన పరిశోధకులు కూడా ఇదే చూశారు, చుట్టూ గడ్డి ఉన్నా దాన్ని వదిలేసి వెడల్పాటి ఆకుల మొక్కలే ఏరుకు తింటాయి. హెర్మన్, గ్రీక్, మార్జినేటెడ్ ఇవన్నీ ఇంచుమించు అదే బాపతు. గడ్డి అక్కడక్కడ ఒక పోచ కొరుకుతాయేమో గానీ కడుపు నింపుకునేది ఆకులతోనే. రెడ్ ఫుట్ అయితే ఆకులు, పూలు, పండ్ల వైపు పోతుంది.

వీటికి నువ్వు వేయాల్సింది డాండెలియన్, ప్లాంటెయిన్, చికోరీ, సో థిసిల్, మాలో అనే వెడల్పాటి ఆకుల మొక్కలు. ప్లాంటెయిన్ అంటే అరటి కాదు, నేలకి అతుక్కుని ఈనెలు కనపడే ఆకులతో పెరిగే కలుపు మొక్క. క్లోవర్ కొంచెం కలపొచ్చు, కానీ ట్రే అంతా అదే వేయకు, దానిలో ప్రొటీన్ ఎక్కువ. తిమోతి ట్రే పారేయక్కర్లేదు, పడుకోనీ. నీడగా, తేమగా ఉంటుంది.

కొత్తమొలక

అమ్మయ్య. ఒంట్లో బాలేదేమో అనుకుని భయపడ్డాం. థాంక్స్ అక్కా.

గరికపోచ

ఆకులక్క చెప్పిన మొక్కలకి కూడా విత్తనం నియమం అదే. పూలతోటల కోసం అమ్మే "వైల్డ్ ఫ్లవర్ మిక్స్" తెచ్చి చల్లేస్తున్నారు కొందరు. అందులో ఫాక్స్‌గ్లోవ్, లార్క్‌స్పర్, పాపీ లాంటివి ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి, తినడానికి విషం. పేరు పేరునా విడిగా కొనండి.

ముగ్గురుతాబేళ్లు

మా ఇంట్లో రెండు లెపర్డ్‌లు, ఒక సల్కాటా. గరిక నాటుకునేలోపు మేత కోసం మేము ఓట్స్, బార్లీ, గోధుమ ట్రేలలో వేస్తాం. ఇవి తినడానికి అమ్మే ముడి ధాన్యం నుంచే తీసుకోవచ్చు, దానికి విత్తనశుద్ధి బెడద ఉండదు. అటుకుల్లా నొక్కిన ఓట్స్ మొలవవు, పొట్టుతో ఉన్న గింజ కావాలి. పిల్లులకి పెంచే గడ్డి అని అమ్మే ప్యాకెట్లు కూడా ఎక్కువగా ఓట్స్, బార్లీ, గోధుమే. అవీ మందు లేనివే దొరుకుతాయి.

రాత్రి నానబెట్టి పొద్దున్న ట్రేలో మట్టి మీద ఒక వరసగా పరుస్తాం, గింజ మీద గింజ పడకుండా. పైన పల్చగా మట్టి. మూడు నాలుగు రోజులకి మొలక పైకి వస్తుంది. జానెడు ఎత్తు అయ్యేదాకా తాబేలుకి చూపించం.

నెమ్మదినడక

జానెడు దాకా ఎందుకు? మేము నాలుగు వేళ్ల ఎత్తుకే పెట్టేస్తాం, లేతగా ఉంటుందని ఇష్టంగా తింటుంది.

ముగ్గురుతాబేళ్లు

ఇష్టంగా తింటుంది, నిజమే. కానీ అంత లేతలో పీచు ఉండదు, ఉన్నదంతా నీళ్లు, ప్రొటీన్. ఇంకో ఇబ్బంది మా సల్కాటా మేసే తీరు చూస్తే తెలుస్తుంది. తల వంచి వాసన చూస్తుంది, పోచని ముక్కు అంచుతో పట్టుకుంటుంది, ముందు కాళ్లు నేలకి ఆనించి తలని వెనక్కి గుంజుతుంది. పళ్లు లేవు కదా, కోయడం కన్నా గుంజడమే ఎక్కువ. వేరు గట్టిపడిన గడ్డి అయితే పోచ టప్పున తెగుతుంది. లేత మొలక అయితే వేరుతో, గింజతో సహా ఊడి నోట్లోకి పోతుంది.

సరీసృప_వైద్యం

ఆ గింజ నోట్లోకి పోవడమే నాకు నచ్చనిది. గింజల్లో భాస్వరం కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తాబేలు మేతలో కాల్షియమే పైచేయిగా ఉండాలి, భాస్వరానికి కనీసం రెట్టింపు ఉంటే మంచిది. ఒకటి రెండు గింజలకి ఏం కాదు. కానీ మొలకెత్తిన గింజలే మేతగా పెట్టే వాళ్లున్నారు, అది చేయకండి. ఆకు మేత, గింజ విత్తనం. రెండూ ఒకటి కాదు.

ఆకులక్క

గోధుమ గడ్డి విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. లేత గోధుమ, బార్లీ గడ్డిలో పొడి బరువు లెక్కన ప్రొటీన్ 20 శాతం దాటుతుంది. ముదిరిన తిమోతి ఎండుగడ్డిలో దానిలో సగం కూడా ఉండదు. రోజూ అదే మేపితే డిప్ప మీద బుడిపెలు లేస్తాయి.

సరీసృప_వైద్యం

ఆకులక్కా, బుడిపెలకి ప్రొటీన్‌ని తిట్టడం పాత అలవాటు. 2003లో సల్కాటా పిల్లల మీద చేసిన ప్రయోగంలో మేతలో ప్రొటీన్ మార్చి చూశారు, గాలిలో తేమ మార్చి చూశారు. తేడా ఎక్కువ తెచ్చింది తేమే. పొడి గాలిలో పెరిగిన పిల్లలకి బుడిపెలు లేచాయి. ప్రొటీన్ ప్రభావం దాని ముందు చిన్నది.

లేత ధాన్యపు గడ్డే రోజంతా పెట్టొద్దు అనే దాంట్లో మాత్రం మీతోనే ఉన్నాను. దానికి కారణం పీచు. గడ్డి మేసే తాబేలు పెద్దపేగులో సూక్ష్మజీవులు పీచుని పులియబెట్టి బతుకుతాయి. పీచు తగ్గితే రెట్ట జారుగా అవుతుంది, అక్కడి నుంచి పురుగులు, ఇన్ఫెక్షన్లు.

ఆకులక్క

తేమ సంగతి ఒప్పుకుంటాను. మా వైపు వాళ్లంతా ఆవరణ పొడిగా ఉంచి, తిండి మీద మాత్రం గొడవ పడుతుంటారు. ఓట్స్, గోధుమ నాలుగో వంతు, మిగతాది అసలు గడ్డి, ఇలా అంటే సరిపోతుందా?

ముగ్గురుతాబేళ్లు

మేమూ దాదాపు అంతే. పైగా ధాన్యపు గడ్డి ఒకటి రెండు కోతలకి నీరసపడిపోతుంది, మళ్లీ వేసుకోవాలి. గరిక, తిమోతి అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటాయి.

కొత్తమొలక

మా పక్కింటి వాళ్ల ఓట్స్ ట్రేలో గింజల చుట్టూ తెల్లగా దూదిలా వచ్చిందట. బూజు పట్టిందని మొత్తం పారేశారు. మేము డాండెలియన్ వేస్తే కూడా అలా వస్తుందా?

గరికపోచ

అది బూజు కాకపోయి ఉండొచ్చు. మొలకెత్తిన రెండో రోజో మూడో రోజో వేరు చుట్టూ సన్నటి తెల్ల నూగు వస్తుంది, అవి వేరు రోమాలు. నీళ్లు చిలకరించి చూడండి. వేరు రోమాలైతే తడికి అతుక్కుపోయి కనపడకుండా పోతాయి, ఆరాక మళ్లీ లేస్తాయి. బూజైతే పోదు, సాలెగూడులా ఒక గింజ నుంచి ఇంకో గింజకి అల్లుకుంటుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది. అలాంటిదైతే ట్రే మొత్తం తీసేయాల్సిందే, పై భాగం కోసి పెట్టడం లాంటివి వద్దు. ఒత్తుగా చల్లడం, నీళ్లు నిలవడం, గాలి ఆడకపోవడం, బూజు వచ్చేది ఈ మూడింటితోనే.

ఎండపొడ

గడ్డి పేరున్నవన్నీ మంచివే అనుకోవద్దని కూడా చెప్పాలి. జొన్న, సూడాన్ గడ్డి, జాన్సన్ గడ్డి విత్తనాలు మేత విత్తనాల దగ్గరే దొరుకుతాయి. "మేత రకం కొనండి" అని పైన రాశాం కదా, అది చదివి ఎవరైనా ఇవి తెచ్చేస్తారేమో అని భయం. జొన్న జాతి లేత మొక్కలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలినప్పుడు అది విరిగి సైనైడ్ వస్తుంది. లేత జొన్నపైరులో పడి మేసిన పశువులు చనిపోవడం పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. నీటి ఎద్దడిలో వాడి, వాన పడ్డాక మళ్లీ పిలకలు వేసేటప్పుడు మరీ ప్రమాదం. ట్రేలో పెంచేది ఎప్పుడూ లేతదే కాబట్టి వీటిని ముట్టుకోవద్దు.

డిప్పమ్మ_ఇల్లు

పక్షుల గింజల మిక్స్ చల్లితే మొలుస్తుంది, చవకగా అయిపోతుంది అని ఒకాయన సలహా ఇచ్చాడు. అందులో జొన్నలు ఉంటాయి కదా మరి?

ఎండపొడ

చాలా మిక్స్‌లలో ఉంటాయి. అందుకే వద్దు. సజ్జ, కొర్ర లాంటివి విడిగా దొరికితే వాటిలో ఈ ధూరిన్ గొడవ లేదు. కానీ కొర్ర జాతి కంకి వేశాక దాని ముళ్లు నోట్లో, కంట్లో గుచ్చుకుంటాయి. కంకి రాకముందే కోసేయండి.

సరీసృప_వైద్యం

కంకి మాట వచ్చింది కాబట్టి: ఏ గడ్డినైనా కంకి ముదరనివ్వొద్దు. కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లగా, గట్టిగా, ఎలుక పెంటికలా పొడుచుకు వచ్చి ఉంటే అది ఎర్గాట్ శిలీంధ్రం. గరిక కంకులకి కూడా ఒక రకం ఎర్గాట్ పడుతుంది, అది మేసిన పశువులు వణుకుతాయి. కత్తెరతో కంకులు తీసేస్తే సమస్యే ఉండదు.

నెమ్మదినడక

మట్టి ఏది వాడుతున్నారు అందరూ? కుండీల మట్టి అని అమ్మే ప్యాకెట్‌లో తెల్ల బంతులు వస్తున్నాయి.

గరికపోచ

ఆ తెల్లవి పెర్లైట్. తాబేళ్లకి తెల్లగా కనపడింది ఏదైనా కొరికి చూసే అలవాటు ఉంటుంది, సున్నపు ముక్క అనుకుంటాయో ఏమో. పెర్లైట్ అరగదు. పసుపు, ఆకుపచ్చ రంగు గుండ్రటి గుళికలు కనిపిస్తే అవి నెమ్మదిగా కరిగే ఎరువు, అది ఇంకా చెడ్డది. మందులు కొట్టని మామూలు మట్టి, కడిగిన కొబ్బరిపొట్టు, బాగా మాగిన ఆకుల ఎరువు, ఇవి చాలు. పచ్చి పేడ వేయకండి. కలుపు మందు కలిసిన లాన్ ఎరువులు అసలు ఆ చాయలకే రానివ్వకండి.

ఇసుకదిబ్బ

అందరికీ థాంక్స్. చదివి మా ప్లాన్ రాసుకున్నాను, తప్పుంటే చెప్పండి. ఆవరణలో సగం అడ్డు కట్టి, పూత లేని గరిక వేస్తాను. అది నాటుకునేదాకా మా వాణ్ని ఆ పక్కకి పోనివ్వను. ఈలోపు మూడు ట్రేలు: ఒకటి ఓట్స్, రెండు తిమోతి, వంతులవారీగా. మధ్య మధ్య ప్లాంటెయిన్, చికోరీ అక్కడక్కడ చల్లుతాను. రై గ్రాస్ జోలికి పోను. ఎండుగడ్డి మాత్రం ఆపను.

రెండు అనుమానాలు. పిల్ల కదా, గరిక గట్టిగా ఉంటే తినగలుగుతుందా? ఇంకోటి, ట్రే లోపల పెడితే మీదెక్కి మొత్తం తవ్వేస్తుంది, దానికి ఏం చేస్తారు?

ఆకులక్క

పిల్లలకి ముదురు పోచ తెగదు. నువ్వే కత్తెరతో గోరంత ముక్కలుగా కోసి, ఇష్టమైన ఆకులతో కలిపి తడిపి పెట్టు. రోజు రోజుకీ గడ్డి వాటా పెంచు. లాన్ మెషీన్‌తో కోసిన గడ్డి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకు. కుప్పగా ఉంటే గంటల్లో వేడెక్కి పులుస్తుంది, మెషీన్ నూనె కూడా అంటుకుని ఉంటుంది.

పచ్చికబయలు

ఆ చివరి మాటకి నా ఓటు. మాదగ్గర గడ్డి కుప్పలో చెయ్యి పెడితే ఆవిరి తగులుతుంది.

గరిక నాటుకుందో లేదో చూడ్డానికి ఒక పద్ధతి: ఒక పోచ గుప్పిట పట్టి పైకి గుంజండి. పోచ తెగితే తాబేల్ని వదలొచ్చు. వేరు లేచి వస్తే ఇంకా టైమ్ ఉంది. వదిలాక కూడా మొత్తం ఒకేసారి ఇవ్వకండి, రెండు భాగాలు చేసి ఒకటి మేస్తుంటే ఒకటి పెరగనివ్వండి.

సరీసృప_వైద్యం

ప్లాన్ బాగుంది. మీ దగ్గరున్న నీలం గింజల సంచి ఇంట్లో పిల్లలకి, జంతువులకి అందకుండా మూతి కట్టి పెట్టండి, ఆవరణ పక్కన వద్దు. ఎవరి తాబేలైనా అలాంటి గింజలు తినేస్తే నూనె, పాలు లాంటివి పట్టించొద్దు. నోట్లో మిగిలినవి కనిపిస్తే తీసేసి, సంచి లేబుల్ ఫొటోతో వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందు పేరు తెలిస్తే మాకు సగం పని తేలికవుతుంది.

ఇసుకదిబ్బ

సరేనండి. లేబుల్ ఫొటో ఇప్పుడే తీసి ఉంచాను, సంచి అటక మీదికి పోయింది. ట్రే తవ్వే సంగతి ఎవరైనా చెప్పండి.

ముగ్గురుతాబేళ్లు

ట్రేని నేల మట్టానికి దించి పాతండి, అంచు తగలకుండా. మీద గట్టి ప్లాస్టిక్ జాలీ, మట్టికి రెండు వేళ్ల ఎత్తున చెక్క చట్రానికి బిగించండి. గడ్డి జాలీ కన్నాల్లోంచి పైకి వస్తుంది, ఆ పైకి వచ్చినంత మేరకే తాబేలు కొరుకుతుంది, గడ్డి వేర్లు కింద భద్రంగా ఉంటాయి. కన్నం దాని పాదం కన్నా బాగా చిన్నగా ఉండాలి, గోరు ఇరుక్కోకూడదు. తీగ జాలీ వద్దు, కోసిన చోట కొసలు గీసుకుంటాయి, జింక్ పూత కూడా గీరుకుని నోట్లోకి పోతుంది. పెద్దదయ్యాక మాత్రం ఏ జాలీ ఆగదు, అప్పటికి మీ గరిక సిద్ధంగా ఉండాలి.